ఐఎస్ఓ పెంచితే వెలుగు పెరగదు: బస్తర్ వెలుగునీడల్లో డిజిటల్ ఎక్స్‌పోజర్ పాఠం

జగదల్‌పూర్: ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ ప్రాంతంలో ఒక్క రోజు తిరిగితే చాలు, కెమెరా ఎదుర్కొనే కష్టాలన్నీ వరుసగా ఎదురవుతాయి. మధ్యాహ్నపు ఎండలో చిత్రకోట్ జలపాతపు తెల్లని నురగ కళ్లు చెదిరేలా మెరుస్తుంది. అక్కడి నుంచి కాంగేర్ లోయలోని సాల వనంలోకి అడుగుపెడితే వెలుగు పదుల రెట్లు పడిపోతుంది. కుటుంసర్ గుహలో అసలు వెలుగే ఉండదు. దసరా రోజుల్లో జగదల్‌పూర్ వీధుల్లో కదిలే రథాన్ని రాత్రిపూట దీపాల వెలుతురులోనే చిత్రించాలి. ఇన్ని రకాల వెలుగుకు ఒకే కెమెరా ఎలా సరిపోతుందన్న ప్రశ్నకు చాలామంది చెప్పే సమాధానం ఐఎస్ఓ. అయితే ఐఎస్ఓ అంకె పెంచితే సెన్సార్‌కు చూపు పెరుగుతుందనే భావన సరైనది కాదు. ఆ అంకె నిజంగా చేసే పని ఏమిటో తెలియకపోవడం వల్లే ఎన్నో చిత్రాలు కదలికతో మసకబారుతున్నాయి, ముఖాలు నల్లబడుతున్నాయి, తెల్లని నీరు వివరం కోల్పోతోంది.

ఎక్స్‌పోజర్‌ను నిర్ణయించేవి

ఎక్స్‌పోజర్ అంటే చిత్రం తీసే సమయంలో సెన్సార్‌పై పడిన కాంతి పరిమాణం. దానిని నిర్ణయించేవి మూడు. మొదటిది దృశ్యంలో ఉన్న వెలుగు. రెండోది లెన్స్‌లో కాంతి ప్రవేశించే ద్వారం, అంటే అపర్చర్. మూడోది ఆ ద్వారం గుండా కాంతి పడే వ్యవధి, అంటే షట్టర్ వేగం. ఈ జాబితాలో ఐఎస్ఓ లేదు. వాడుకలో అపర్చర్, షట్టర్, ఐఎస్ఓలను కలిపి ‘ఎక్స్‌పోజర్ త్రిభుజం’ అంటారు. గుర్తుపెట్టుకోవడానికి అది సులువైన బొమ్మే అయినా, మూడూ ఒకే రకమైన పని చేస్తాయన్న అపోహకు కూడా అదే కారణమవుతోంది.

కాంతిని కొలిచే వాడుక ప్రమాణం ‘స్టాప్’. ఒక స్టాప్ పెరిగితే కాంతి రెట్టింపు అవుతుంది, ఒక స్టాప్ తగ్గితే సగమవుతుంది. షట్టర్ సెకనులో 250వ వంతు నుంచి 125వ వంతుకు మారితే ఒక స్టాప్ పెరిగినట్టు. అపర్చర్ విషయంలో ఎఫ్/2.8, ఎఫ్/4, ఎఫ్/5.6, ఎఫ్/8, ఎఫ్/11, ఎఫ్/16 వరుసలో ఒక్కో మెట్టుకు కాంతి సగమవుతూ పోతుంది. అంకె పెద్దదైతే ద్వారం చిన్నదవుతుంది. ఎఫ్ అంకె ఒక భిన్నంలోని హారం కావడమే ఇందుకు కారణం: లెన్స్ నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె.

ఫిల్మ్ కాలం నుంచి వస్తున్న ఒక పాత సూత్రం నేటికీ పనికొస్తుంది. నిండు ఎండలో ఎఫ్/16 ఉంచి, షట్టర్ వేగాన్ని ఐఎస్ఓ అంకెకు విలోమంగా పెట్టాలి. ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో 100వ వంతు. ఈ కొలతను ఆధారంగా తీసుకుని నీడ ఎన్ని స్టాపులు తక్కువో అంచనా వేస్తే, మీటరు లేకున్నా ఎక్స్‌పోజర్ దాదాపు సరిగ్గా వస్తుంది.

ఐఎస్ఓ అంకె వెనుక కథ

ఐఎస్ఓ అనేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పేరు. ఫిల్మ్ కాలంలో అమెరికా ప్రమాణమైన ఏఎస్ఏ, జర్మనీ ప్రమాణమైన డీఐఎన్ అనే రెండు కొలతలు వాడుకలో ఉండేవి. వాటిని 1970ల నుంచి ఒకే ప్రమాణం కిందికి తెచ్చారు. ఫిల్మ్‌లో ఈ అంకె ఆ ఫిల్మ్ రసాయన పూతకు కాంతి పట్ల ఉన్న స్పందనను తెలిపేది. వేగం ఎక్కువున్న ఫిల్మ్‌లో వెండి లవణాల రేణువులు పెద్దవిగా ఉండేవి, అందువల్ల చిత్రం గరుకుగా కనిపించేది. ఒకసారి రీలు ఎక్కించాక, అది పూర్తయ్యేదాకా సాధారణంగా అదే వేగంతో పని చేయాల్సి వచ్చేది.

డిజిటల్ కెమెరాలకు ఐఎస్ఓ 12232 అనే ప్రత్యేక ప్రమాణం 1998లో వెలువడింది, 2006లోనూ 2019లోనూ దానిని సవరించారు. ఫలానా పరిమాణం కాంతి పడితే తుది చిత్రం ఎంత ప్రకాశంతో కనిపించాలన్న సంబంధాన్ని తెలపడానికి ఈ ప్రమాణంలో అనేక పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో చిత్రం సరైన ప్రకాశంతో కనిపించేందుకు సిఫారసు చేసే అంకెను తయారీదారు స్వయంగా నిర్ణయించుకోవచ్చు. రెండు వేర్వేరు సంస్థల కెమెరాల్లో ఒకే ఐఎస్ఓ పెట్టినా చిత్రాల ప్రకాశంలో కొద్దిపాటి తేడా రావడానికి ఇది ఒక కారణం. ఒక్కమాటలో చెప్పాలంటే, డిజిటల్ ఐఎస్ఓ అందిన కాంతిని ఎంత ప్రకాశంగా చూపాలో చెప్పే కొలబద్ద.

సెన్సార్ లోపల జరిగేది

కెమెరా సెన్సార్ సిలికాన్‌తో తయారైన పలక. కోట్లాది పిక్సెళ్లు దానిపై వరుసలుగా ఉంటాయి. కాంతి కణమైన ఫోటాన్ సిలికాన్‌ను తాకినప్పుడు ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపు పిక్సెల్ ఆ ఎలక్ట్రాన్లను, వాన నీటిని పట్టిన కుండలాగా, పోగు చేస్తుంది. షట్టర్ మూసుకున్నాక ఆ రాశిని విద్యుత్ సంకేతంగా కొలిచి, అంకెలుగా మారుస్తారు. 12 బిట్ల కెమెరా దీనిని 4,096 మెట్లుగా, 14 బిట్ల కెమెరా 16,384 మెట్లుగా నమోదు చేస్తుంది.

ఈ పరిజ్ఞానానికి మూలమైన సీసీడీని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో రూపొందించారు. ఇందుకు వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా లభించింది. నేటి కెమెరాల్లోనూ ఫోన్లలోనూ ఎక్కువగా కనిపించేది సీమాస్ రకం సెన్సార్.

తాకిన ఫోటాన్లలో ఎన్నింటిని ఎలక్ట్రాన్లుగా మార్చగలదన్నదే సెన్సార్ అసలు సున్నితత్వం. ఈ సామర్థ్యం తయారీ సమయంలోనే ఖరారవుతుంది. వినియోగదారు మీట తిప్పి దానిని మార్చలేరు. ఐఎస్ఓను 100 నుంచి 6400కు పెంచినా ఒక్క ఫోటాన్ కూడా అదనంగా పట్టుబడదు. అప్పటికే పోగైన సంకేతాన్ని హెచ్చించి చూపడమే జరుగుతుంది. చాలా కెమెరాల్లో ఈ హెచ్చింపు సంకేతాన్ని అంకెలుగా మార్చక ముందు విద్యుత్ రూపంలోనే జరుగుతుంది. కొన్నింటిలో అత్యధిక స్థాయుల వద్ద, మార్చిన తర్వాత కేవలం లెక్కగా జరుగుతుంది.

హెచ్చింపుకు ఒక మూల్యం ఉంది. ఉదాహరణకు ఒక పిక్సెల్ ఐఎస్ఓ 100 వద్ద 50,000 ఎలక్ట్రాన్లను నమోదు చేయగలదనుకుంటే, ఐఎస్ఓ 200 వద్ద 25,000కే చిత్రంలో పూర్తి తెలుపు వచ్చేస్తుంది. ఐఎస్ఓ 6400 వద్ద సుమారు 780 ఎలక్ట్రాన్లకే ఆ హద్దు చేరుతుంది. అంతకు మించిన వెలుగు వివరమంతా తెల్లని మచ్చగా మిగిలిపోతుంది. అందుకే ఐఎస్ఓ పెరిగేకొద్దీ దీపాలు, ఆకాశం, తెల్లని వస్త్రాలు త్వరగా వివరం కోల్పోతాయి.

నాయిస్ ఎక్కడి నుంచి వస్తుంది

ఐఎస్ఓ పెంచితే చిత్రంలో నాయిస్, అంటే గరుకుదనం, పెరుగుతుందన్నది అందరూ చెప్పే మాట. నిజానికి నాయిస్‌లో అధిక భాగానికి కారణం కాంతి తక్కువ కావడమే. ఫోటాన్లు సమాన వ్యవధిలో క్రమంగా రావు, వాన చినుకుల్లా ఎగుడుదిగుడుగా పడతాయి. ఎన్ని ఫోటాన్లు వస్తాయో ఆ సంఖ్య వర్గమూలానికి సమానంగా ఈ హెచ్చుతగ్గు ఉంటుంది. ఒక పిక్సెల్‌కు 10,000 ఫోటాన్లు అందితే తేడా 100, అంటే ఒక శాతం. 100 ఫోటాన్లే అందితే తేడా 10, అంటే పది శాతం. మొదటి దానిలో తేడా కంటికి తెలియదు. రెండో దానిలో చిత్రం గరుకుబారుతుంది.

దీనికి తోడు సంకేతాన్ని చదివే సర్క్యూట్లు కూడా కొంత దోషాన్ని కలుపుతాయి. ముందుగానే హెచ్చించి చదివితే, ఆ తర్వాతి దశలో చేరే దోషం ప్రభావం తగ్గుతుంది. కాబట్టి ఒకే అపర్చర్, ఒకే షట్టర్ వేగంతో తీసిన రెండు చిత్రాల్లో ఒకదానికి ఐఎస్ఓ 400 పెట్టి తర్వాత కంప్యూటర్‌లో మూడు స్టాపులు ప్రకాశింపజేసి, మరొకదానికి ముందే ఐఎస్ఓ 3200 పెడితే, నీడల్లో రెండోదే మెరుగ్గా ఉంటుంది లేదా రెండూ సమానంగా ఉంటాయి. నేటి కెమెరాల్లో చాలావాటికి ఈ తేడా చాలా స్వల్పం. అయితే తక్కువ ఐఎస్ఓ చిత్రంలో దీపాల వంటి ప్రకాశవంతమైన భాగాల వివరం మూడు స్టాపుల మేర అదనంగా మిగులుతుంది. ఈ సౌలభ్యం కెమెరా నమోదు చేసిన పూర్తి సమాచారాన్ని దాచే రా ఫైళ్లకే వర్తిస్తుంది. జేపెగ్‌లో తర్వాత సరిదిద్దే అవకాశం పరిమితం.

అందువల్ల నాయిస్ భయంతో ఐఎస్ఓను తక్కువగా బిగించి, షట్టర్ వేగాన్ని తగ్గించుకోవడం తరచుగా నష్టమే తెస్తుంది. గరుకుదనాన్ని సాఫ్ట్‌వేర్ చాలావరకు సరిచేయగలదు. చెయ్యి వణికి లేదా మనిషి కదిలి అలుక్కుపోయిన ముఖాన్ని తిరిగి తీసుకురావడం సాధ్యం కాదు.

ఫిల్మ్ కాలంలో బస్తర్

ఈ ప్రాంతం కెమెరాకు కొత్త కాదు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940లలో బస్తర్ సంస్థానంలో పరిశోధన చేశారు. మురియాల జీవనంపై ఆయన రాసిన గ్రంథం 1947లో ఛాయాచిత్రాలతో వెలువడింది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ నారాయణ్‌పూర్ సమీపంలోని గఢ్ బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రు అనే బాలుడితో తీసిన రంగుల చిత్రం 1957లో విడుదలైంది. పులితో స్నేహం చేసిన ఆ బాలుడి ఛాయాచిత్రాలు పుస్తకంగానూ వచ్చి, బస్తర్ అడవిని ప్రపంచ పాఠకులకు పరిచయం చేశాయి.

ఆనాటి వారి ముందున్న వెలుగు సమస్య ఎంతటిదో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. 1950లలో ప్రసిద్ధమైన కోడాక్రోమ్ రంగుల ఫిల్మ్ వేగం 10 మాత్రమే. నిండు ఎండ కంటే ఆరు స్టాపులు తక్కువ వెలుగున్న అడవి నీడలో, ఎఫ్/5.6 అపర్చర్‌తో ఆ ఫిల్మ్‌కు అర సెకనుకు మించిన ఎక్స్‌పోజర్ కావాలి. అంతసేపు కదలకుండా ఉండే పక్షి గాని, ఆడుకునే పిల్లవాడు గాని ఉండరు. అందుకే నాటి రంగుల చిత్రాలకు ఎండ పడే చోటును గాని, అదనపు దీపాలను గాని ఆశ్రయించక తప్పేది కాదు. నేడు అదే నీడలో ఐఎస్ఓ 6400తో సెకనులో వెయ్యో వంతు షట్టర్ సాధ్యమవుతోంది.

జలపాతాలు: తెలుపును తెలుపుగా నిలపడం

జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి నదిపై ఉన్న చిత్రకోట్ జలపాతం దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. ఈ ఇంద్రావతే దిగువన గోదావరిలో కలుస్తుంది. వర్షాకాలంలో బురద నీటితో ఎరుపెక్కి, ఆ తర్వాతి నెలల్లో తెల్లబడుతుంది.

కెమెరా మీటరు తన ముందున్నది మంచో, బొగ్గో, నీరో గుర్తించకుండా, దృశ్యం సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందన్న ఊహతో లెక్క కడుతుంది. నేటి కెమెరాలు దృశ్యాన్ని భాగాలుగా విడదీసి కొంత తెలివిగా లెక్కించినా మూల సూత్రం అదే. ఫ్రేమంతా తెల్లని నురగ నిండితే ఆ లెక్క నురగను బూడిదగా మారుస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ సవరణను ఒక స్టాప్ వరకు పెంచాలి. ఫ్రేమ్‌లో చీకటి రాళ్లు ఎక్కువై నురగ చిన్న భాగమే అయితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: మీటరు రాళ్లను వెలిగించబోయి నురగను వివరం లేని తెలుపుగా చేస్తుంది. అప్పుడు సవరణను తగ్గించాలి. కెమెరా తెరపై హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ కుడి అంచుకు గుద్దుకుంటే వివరం పోయిందని గుర్తు.

నీటిని పాలధారలా చూపాలంటే పావు సెకను వంటి నిదాన షట్టర్ కావాలి. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16 పెట్టినా సెకనులో 125వ వంతుకు దగ్గరగానే ఉంటుంది. పావు సెకనుకు చేరాలంటే కాంతిని మరో ఐదు స్టాపులు, అంటే 32వ వంతుకు తగ్గించాలి. ఆ పనిని లెన్స్ ముందు బిగించే ఎన్‌డీ ఫిల్టర్ చేస్తుంది. కాంగేర్ లోయలో సుమారు 91 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా జారే తీర్థగఢ్ జలపాతం వద్ద లోయ నీడ పడ్డాక, ఫిల్టర్ లేకుండానే ట్రైపాడ్‌తో ఈ ఫలితం రాబట్టవచ్చు. నీటి తుంపరను చినుకు చినుకుగా ఆపి చూపాలంటే మాత్రం సెకనులో వెయ్యో వంతు లేదా అంతకు మించిన వేగం అవసరం.

అడవి నీడలో నల్లని పక్షి

కాంగేర్ లోయను 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అయిన కొండ గోరింక ఇక్కడి సాల వనాల్లో నివసిస్తుంది. స్థానికులు దీనిని పహాడీ మైనా అంటారు. నిగనిగలాడే నల్లని ఈకలు, నారింజ రంగు ముక్కు, తలపై పసుపు చర్మపు మడతలు దీని గుర్తులు. మనుషుల మాటను అనుకరించగలదని పేరున్నందున పంజరాలకు చేరిన ఈ పక్షికి, స్వేచ్ఛగా తిరిగే చోట తీసిన ఒక స్పష్టమైన చిత్రం శాస్త్రీయ నమోదుగా కూడా విలువైనది.

ఆకుల పందిరి కింద వెలుగు నిండు ఎండ కంటే ఆరు స్టాపులు తక్కువ అనుకుంటే, ఎఫ్/5.6 టెలీ లెన్స్‌తో ఐఎస్ఓ 100 వద్ద షట్టర్ సెకనులో 15వ వంతుకు పడిపోతుంది. కొమ్మపై తల తిప్పే పక్షికి అది చాలదు. సెకనులో వెయ్యో వంతు కావాలంటే ఐఎస్ఓ 6400కు వెళ్లక తప్పదు. ఇక్కడ అధిక ఐఎస్ఓ ఎంపిక తప్పనిసరి, దానికి వెనకాడాల్సిన పని లేదు.

అదే పక్షి ఎత్తైన కొమ్మపై తెల్లని ఆకాశం నేపథ్యంలో కూర్చుంటే సమస్య మారుతుంది. మీటరు ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, పక్షి నల్లని నీడబొమ్మగా మిగులుతుంది. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వరకు సవరణ పెంచితేనే ఈకల నిగారింపు కనిపిస్తుంది. ఆకాశం తెల్లబడిపోయినా ఈ చిత్రంలో అది నష్టం కాదు. ఏ భాగంలో వివరం నిలవాలో, ఏది వదులుకోవచ్చో ముందే తేల్చుకోవడమే ఎక్స్‌పోజర్ నిర్ణయం.

దసరా రాత్రులు

బస్తర్ దసరా 75 రోజుల ఉత్సవం. రావణ సంహారంతో సంబంధం లేకుండా, దంతేశ్వరి అమ్మవారి ఆరాధనగా సాగుతుంది. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడిగా చెప్పే అన్నమదేవుని వంశమే తమదని బస్తర్ రాజకుటుంబం భావించినందున, ఓరుగల్లు చరిత్రతో ముడిపడిన పండుగగా తెలుగువారికి ఇది ప్రత్యేకం. చెక్కతో కొత్తగా తయారైన రథాన్ని ఆదివాసీలు తాళ్లతో లాగుతారు. మావలీ పర్ఘావ్, నిశా జాత్ర వంటి ముఖ్య ఘట్టాలు రాత్రివేళ జరుగుతాయి. తప్పిన ఘట్టం కోసం ఏడాది ఆగాలి.

వీధి దీపాల వెలుతురులో ఎఫ్/2.8 లెన్స్‌తో ఐఎస్ఓ 100 వద్ద పావు సెకను అవసరమైన చోట, రథాన్ని లాగుతున్న జనాన్ని స్పష్టంగా నిలపాలంటే సెకనులో 125వ వంతు కావాలి. తేడా ఐదు స్టాపులు, కాబట్టి ఐఎస్ఓ 3200. ఇంత చీకటిలో కెమెరా మీటరు దీపాలను చూసి ఒకసారి, నల్లని ఆకాశాన్ని చూసి మరోసారి లెక్క మార్చుకుంటుంది. వీధి వెలుగు పెద్దగా మారదు కనుక అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడింటినీ మాన్యువల్‌గా బిగించి, ముఖాల ప్రకాశాన్ని ఒకటి రెండు చిత్రాలతో పరీక్షించుకోవడం మేలు. రా ఫైల్ తీస్తే ఐఎస్ఓను ఒక స్టాప్ తగ్గించి దీపాల వివరాన్ని కాపాడుకునే వీలుంది.

కొండగావ్‌లో ఢోక్రా శిల్పులు మట్టి అచ్చుల్లోకి కరిగిన ఇత్తడిని పోసే క్షణంలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. నిప్పు కాంతిలో ఎరుపు పాలు అధికం. మొత్తం ప్రకాశం సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు వర్ణం ఒక్కటే హద్దు దాటి, కరిగిన లోహం వివరం లేని నారింజ మచ్చగా మారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం హిస్టోగ్రామ్‌లను విడివిడిగా చూస్తేనే ఇది బయటపడుతుంది.

కుటుంసర్: వెలుగే హాని చేసే చోటు

కాంగేర్ లోయలోని కుటుంసర్ సున్నపురాతి గుహ ఎక్స్‌పోజర్‌ను మరో కోణంలో ఆలోచింపజేస్తుంది. లోపల సహజ కాంతి లేదు. చీకటిలో బతకడానికి అలవాటుపడి చూపునూ రంగునూ కోల్పోయిన చేపలు ఇక్కడి నీటిలో ఉన్నాయి. వర్షాకాలంలో గుహను మూసివేస్తారు.

పర్యాటక గుహలన్నింటిలోనూ కృత్రిమ కాంతి ఒక సమస్య. దీపాలు ఎక్కువసేపు వెలిగే చోట రాతిపై నాచు పెరిగి, వేల ఏళ్లుగా ఏర్పడిన సున్నపు రూపాలను పాడుచేస్తుంది. అలాంటి చోట చిత్రం కోసం మరిన్ని దీపాలు తేవడం, ఫ్లాష్‌ను పదేపదే పేల్చడం సరికాదు. అనుమతి ఉన్నచోట ట్రైపాడ్‌పై కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వడం, లేనిచోట మార్గదర్శి చేతి దీపపు వెలుగుకు ఐఎస్ఓను పెంచి తీయడం మెరుగైన మార్గాలు. ఎన్ని రెట్లు పెంచినా ఐఎస్ఓ గుహకు హాని చేయదు. సుదీర్ఘ ఎక్స్‌పోజర్లలో సెన్సార్ వేడి వల్ల అక్కడక్కడా చుక్కలు వస్తాయి. అంతే వ్యవధిలో కాంతి పడకుండా మరో చిత్రం తీసి, దానిలోని చుక్కలను అసలు చిత్రం నుంచి తీసివేసే సదుపాయం చాలా కెమెరాల్లో ఉంది.

మేని ఛాయను ఉన్నది ఉన్నట్టు

ఎక్స్‌పోజర్ లెక్క తప్పితే జలపాతానికి నష్టం లేదు. మనిషి ముఖం విషయంలో మాత్రం అది గౌరవానికి సంబంధించిన ప్రశ్న. వారపు సంతలో మిట్టమధ్యాహ్నపు ఎండలో, మెరిసే ఆకాశం ముందు నిలుచున్న గోండు మహిళను ఆటోమేటిక్ పద్ధతిలో తీస్తే ముఖం చీకటిబారుతుంది. ఫ్రేమంతా చామనఛాయ ముఖమే నిండితే మీటరు దానిని బూడిద స్థాయికి తెచ్చేందుకు అతిగా వెలిగిస్తుంది, మేని రంగు పాలిపోతుంది. రెండు చిత్రాలూ ఆమెవి కావు.

ఈ లోపానికి చరిత్ర ఉంది. ఫిల్మ్ కాలంలో రంగుల ముద్రణను సరిచూసుకునేందుకు ల్యాబ్‌లు వాడిన ‘షర్లీ’ నమూనా చిత్రాల్లో దశాబ్దాల పాటు తెల్లజాతి మహిళలే ఉండేవారు. నల్లని, చామన ఛాయలు ఆ కొలతకు బయటే ఉండిపోయాయి. నేటి ఫోన్లలో అడగకుండానే చర్మాన్ని తెల్లబరిచే సౌందర్య సవరణలు అదే పోకడను కొనసాగిస్తున్నాయి.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. మీటరును ముఖంపైనే స్పాట్ పద్ధతిలో గురిపెట్టి, చామనఛాయకు అర స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించడం ఒక మార్గం. మనిషిపై పడే వెలుగునే కొలిచే ఇన్సిడెంట్ మీటరు వాడితే మేని రంగు ప్రభావమే ఉండదు. అది లేనప్పుడు మధ్యస్థ బూడిద రంగు అట్టను అదే వెలుగులో ఉంచి కొలవవచ్చు. ఎండ తీవ్రంగా ఉంటే అనుమతి తీసుకుని చెట్టునీడకో పందిరి కిందికో పిలవడం ఇంకా మంచిది. ఫోన్‌లో సౌందర్య సవరణను ఆపివేసి, తెరపై ముఖాన్ని తాకి, ప్రకాశాన్ని వేలితో సర్దితే చాలు.

ఫోన్ కెమెరా చేసే సర్దుబాటు

పూర్తి ఫ్రేమ్ కెమెరా సెన్సార్ పరిమాణం 36×24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకొనే ‘ఒక అంగుళం’ రకం సెన్సార్ 13.2×8.8 మిల్లీమీటర్లు, అంటే సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. అదే అపర్చర్ అంకె, అదే షట్టర్ వేగం ఉన్నా మొత్తంగా అందే కాంతి ఏడో వంతుకు లోపే. అందుకే ఒకే ఐఎస్ఓ వద్ద చిన్న సెన్సార్ చిత్రం ఎక్కువ గరుకుగా ఉంటుంది.

ఈ లోటును ఫోన్లు లెక్కలతో పూడ్చుకుంటాయి. రాత్రి మోడ్‌లో వరుసగా పలు చిత్రాలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి సర్ది సగటు కడతాయి. నాలుగు చిత్రాల సగటు కడితే నాయిస్ సగానికి, పదహారు కడితే నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇదీ ఎక్కువ కాంతిని పోగు చేసే మార్గమే. నిలకడగా ఉన్న గుహ గోడకు ఇది చక్కగా పనిచేస్తుంది. కదిలే రథానికి, నాట్యం చేసే బృందానికి వాడితే రూపాలు చెదిరిపోతాయి.

నిర్ణయాల క్రమం

పై ఉదాహరణలన్నింటిలోనూ ఒకే క్రమం పనిచేస్తుంది. కదలికను ఆపాలా, పారనివ్వాలా అన్నది తేల్చుకుని మొదట షట్టర్ వేగాన్ని ఎంచుకోవాలి. ఎంత లోతు వరకు స్పష్టత కావాలో చూసి అపర్చర్ పెట్టాలి. ట్రైపాడ్, స్థలం మార్పు, వేళ మార్పు ద్వారా మరింత వెలుగు రాబట్టగలమా అని ఆలోచించాలి. ఇవన్నీ అయ్యాక చిత్రం సరైన ప్రకాశానికి చేరడానికి ఎంత ఐఎస్ఓ అవసరమో అంత పెట్టాలి. వెలుగు పుష్కలంగా ఉంటే అది 100 కావచ్చు, అడవిలో 6400 కావచ్చు.

ప్రారంభానికి పనికొచ్చే కొలతలు ఇవి. ఆ తర్వాత హిస్టోగ్రామ్‌ను బట్టి సర్దుకోవాలి.

• ఎండలో చిత్రకోట్: ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 400వ వంతు.

• మబ్బు పట్టిన పగలు, సంత: ఐఎస్ఓ 400, ఎఫ్/8, సెకనులో 250వ వంతు.

• సాల వనంలో పక్షి: ఐఎస్ఓ 6400, ఎఫ్/5.6, సెకనులో 1000వ వంతు.

• అదే వనంలో ట్రైపాడ్‌పై చెట్లు: ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 8వ వంతు.

• రాత్రివేళ దసరా రథం: ఐఎస్ఓ 3200, ఎఫ్/2.8, సెకనులో 125వ వంతు.

చివరి రెండింటినీ పోల్చితే ఐఎస్ఓ స్వభావం స్పష్టమవుతుంది. చెట్టు ఆగి ఉంటుంది కనుక కాంతిని సేకరించడానికి కెమెరాకు వ్యవధి దొరికింది, ఐఎస్ఓ 100 సరిపోయింది. రథం ఆగదు కనుక ఆ వ్యవధి దొరకలేదు, అందిన కొద్దిపాటి కాంతిని ఐఎస్ఓ హెచ్చించి చూపింది. చిత్రానికి మూలధనం కాంతి ఒక్కటే, అది లెన్స్ గుండా, షట్టర్ తెరిచి ఉన్నంతసేపే వస్తుంది.